చదరంగపు సంఖ్య – భాజకములు – పాఠశోధనము

నిజామాబాదు పట్టణమునకుఁ బూర్వనామము ఇందూరు. ఇందూరునకుఁ బడమట, నిజాముసాగరపు కాలువనీటఁ జెఱకు పండించిన నేలల నడుమ, బోధను పురము కలదు. 1937లో నిచ్చట వెలసిన చక్కెర కర్మాగారముచేత నీ యూరిపేరు దేశమంతట వినఁబడినది. ఆ కర్మాగారము 2015లో మూఁతవడినది. చక్కెరకు వేయేండ్లు ముందు ఈ యూరికి వేఱొక ప్రసిద్ధి యుండెను. జైనపురాణములలో బాహుబలికి రాజధానియైన పౌదనపురము ఇదియే యని పలువురు చరిత్రకారుల తలంపు. అచ్చట భరతచక్రవర్తి 525 ధనువుల యెత్తున బాహుబలివిగ్రహము నిలిపెనను మాట విని, దానిని జూడఁబోరాని కతమున, చావుండరాయఁడు శ్రవణబెళగొళమున గోమటేశ్వరుని జెక్కించెనని జైనుల యైతిహ్యము.

పురాణము నటుండనిండు. శాసనములును సంఖ్యలతోనే మాటలాడును. వేములవాడ చాళుక్యులు తొలుత నీ బోధనునుండియే యేలిరి. ఆ వంశపు యుద్ధమల్లుఁడు సపాదలక్షదేశమున కధిపతి యనియు, పోదనలో నూనె నింపిన బావిలో నైదువందల యేనుఁగులకు స్నానము చేయించెననియుఁ బంపకవి భారతమునందును, 966 నాఁటి పర్భణీ తామ్రశాసనమునందును గలదు. సపాదలక్ష యనఁగా 1,25,000. ఇది సరిగా 50 సంఖ్యకు ఘనము. దేశమునకుఁ బేరు పెట్టినవారు దీనిని గుర్తించిరో లేదో కాని, లెక్కలు చెప్పు పంతులకు మాత్రము ముచ్చట గొలుపును.

ఇట్లు బోధను మొదలు పెట్టుటకుఁ గారణము కలదు. కొన్నాళ్ల క్రిందట నీ ప్రాంతపు పాఠశాల యొకదానిలో నిరువురు పండితులు ఒక పద్యమును గూర్చి వాదించుట వింటిని. పావులూరి మల్లన పేర వ్యాపించిన చతురంగపద్యమది. చదరంగపు బల్లమీఁద మొదటి గడిలో నొక గింజ, రెండవదానిలో రెండు, మూఁడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టింపుగా నఱువదినాలుగు గడులు నింపినచో మొత్తమెంత యను ప్రశ్నకు భూతసంఖ్యలతో నుత్తరము చెప్పు చంపకమాల. “పంతులుగారూ, సముద్రములు ఏడు గదా, నాలుగని యెట్లు లెక్కించితిరి?” అని యొకరు. “రంధ్రమనఁగా సున్నయే గదా, తొమ్మిది యెక్కడిది?” అని తిరిగి రెండవవారు. ఇరువురును నిఘంటువులు తెప్పించిరి. నిఘంటువులు ఇరువురి పక్షమునను సాక్ష్యము చెప్పినవి. వాదము తెగలేదు.

నాకుఁ దోఁచిన దేమన, ఈ తగవు తీర్పవలసినది నిఘంటువు కాదు, ఆ సంఖ్యయే. 18446744073709551615 అను ఆ యిరువదియంకెల రాశి సంయుక్తసంఖ్య. దాని భాజకములే ఆ పద్యపాఠమునకుఁ గావలివాండ్రు. దీనిని నిరూపించుటయే యీ వ్యాసమునకుఁ బని. కాని యంతకుముందు ఆ సంఖ్య మన యొద్దకు వచ్చిన త్రోవఁ గొంత చూడవలెను.

జైనులకుఁ బెద్దసంఖ్యలయందుఁ గల యాసక్తి లోకవిదితము. అనుయోగద్వారసూత్రమను ప్రాచీన జైనాగమగ్రంథమున లోకములోని మనుష్యుల సంఖ్య యిట్లు చెప్పఁబడినది: అది యిరువదితొమ్మిది స్థానముల సంఖ్య, రెంటియొక్క ఆఱవవర్గమును ఐదవవర్గముచే గుణింప వచ్చునది, తొంబదియాఱు మాఱులు సగము చేయఁదగినది. రెంటి మొదటి వర్గము 4, రెండవది 16, మూఁడవది 256, నాలుగవది 65536, ఐదవది 4294967296, ఆఱవది 18446744073709551616. మన చతురంగసంఖ్యకు నీ యాఱవవర్గమునకు నంతరము ఒకటి మాత్రమే. చదరంగపు గడులు అఱువదినాలుగు. అఱువదినాలుగును ఆఱు మాఱులు సగము చేసినచో నొకటి మిగులును. కావున ఆఱు వర్గములు. ఛందశ్శాస్త్రమున వృత్తసంఖ్యను రాఁబట్టుటకుఁ బింగళుఁడు చెప్పిన యుపాయమును నిదియే. సరిసంఖ్య వచ్చినచో సగము చేసి వర్గము కట్టుట, బేసి వచ్చినచో నొకటి తీసి రెట్టించుట. ప్రస్తారము నేర్చిన పండితులకు నిది క్రొత్తకాదు. ఇరువదియక్షరముల కృతిచ్ఛందములో 10,48,576 వృత్తములుండఁగా నందు ఉత్పలమాల 355799వది యనియు, ఇరువదియొక్కయక్షరముల ప్రకృతిలో 20,97,152 వృత్తములుండఁగాఁ జంపకమాల 711600వది యనియు వల్లించుచునే యున్నారు గదా. మన పద్యమును ఆ 711600వ వృత్తమే.

రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని (814–878) కాలమున, సుమారు 850 ప్రాంతమున, మహావీరాచార్యుఁడను జైనపండితుఁడు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. ఆ కాలమున బోధనుసీమ రాష్ట్రకూటసామ్రాజ్యములోనిదే. అంతమాత్రమున మహావీరుఁడు బోధనువాఁడని సాధింపఁబూనుట తగదు; ఊరిమీఁది ప్రేమ చరిత్రకు సాక్ష్యము కాఁజాలదు. జైనవిద్య యీ తెలంగాణసీమలో నూరక పేరునకు లేదనుటకు మాత్రము నిదర్శనములు కలవు. పంపకవి తమ్ముఁడు జినవల్లభుఁడు కరీంనగరపు కుఱిక్యాలకడ గుట్టమీఁదఁ జెక్కించిన పదియవ శతాబ్దపు శాసనమున సంస్కృతకన్నడములతోఁ గూడఁ దెలుఁగు కందపద్యములును గలవు.

మహావీరుని గ్రంథమునందు నా కత్యంతప్రియమైనది గుణకారప్రకరణము. అందతఁడు కొన్ని రాశులను గుణింపుఁడని చెప్పి, ఫలమును రాజుకంఠమునకుఁ దగిన హారమని వర్ణించును. 142857143ను 7చే గుణించినచో 1000000001. 152207ను 73చే గుణించినచో నెనిమిది యొకట్లు, 11111111. 27994681ను 441చే గుణించినచో 12345654321. ఎడమనుండి చదివినను గుడినుండి చదివినను నొకటియే. హారమునకు మొదలు తుద లేవు గదా. ఇవి యాకస్మికముగా దొరకినవి కావు. ఫలమును ముందుగా నూహించి, అది దేనిచే నిశ్శేషముగా భాగింపఁబడునో వెదకి, తరువాత శిష్యుని కా రెండు ఖండములను నిచ్చినాఁడు. అనఁగాఁ బెద్దసంఖ్యను విఱిచి చూచు చూపు ఆయనకుఁ గలదు. మన మీ వ్యాసమునఁ జేయఁబోవు పని కదియే పూర్వరంగము.

ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెలుఁగుపద్యములలో సారసంగ్రహగణితముగా రచించెను. తెలుఁగున శాస్త్రగ్రంథములకు నిది మొదటి వరుసలోనిది. మల్లన పదునొకండవ శతాబ్దివాఁడని సాధారణముగాఁ జెప్పుదురు. కాలనిర్ణయచర్చ యిచ్చట నప్రస్తుతము. అతఁడు మక్కికి మక్కిగాఁ దెలిఁగింపలేదు. జినస్తుతులుండినచోట శివస్తుతులు నిలిపెను. మహావీరుఁడు మహాక్షోభమువఱకు నిరువదినాలుగు స్థానములకుఁ బేరులు చెప్పఁగా మల్లన వానిని ముప్పదియాఱింటికిఁ బెంచెను. చతురంగసంఖ్యకు మహావీరుని స్థానములే చాలును. దాని యెడమకొన నున్న 1 మహాశంఖస్థానమునను, ప్రక్కనున్న 8 శంఖస్థానమునను నిలుచును.

చదరంగపు గింజల కథ మనదేశమున మాత్రమే నడచినది కాదు. క్రీ. శ. 1000 ప్రాంతమున అల్‌బిరూనీ ప్రాచీనజాతుల కాలగణనను గూర్చి వ్రాసిన గ్రంథమున నీ మొత్తమును గణించి మూఁడువిధముల సంఖ్యాలేఖనములతోఁ జూపెను. రాజు నడిగి గింజలు గోరిన సిస్సా యనువాని కథను పదుమూఁడవ శతాబ్దమున ఇబ్న్ ఖల్లికాను చెప్పెను. అరబ్బులు గోధుమగింజలన్నారు. బోధను బాలురకుఁ జెప్పునపుడు చక్కెరపలుకు లనవచ్చును. పలు కొకటి అర మిల్లీగ్రామని యనుకొందము. మొత్తము సుమారు 922 కోట్ల టన్నులగును. ఏఁటికి లక్ష టన్నుల చక్కెర చేయు కర్మాగార మొకటి తెంపులేక నడచినను, ఈ బల్ల నింపుటకుఁ దొంబదిరెండువేల యేండ్లకుఁ బైగాఁ బట్టును. నేఁటి గణనయంత్రములలో నఱువదినాలుగు ద్వ్యంకస్థానములలో నిముడు మిక్కిలి పెద్దసంఖ్యయు నిదియే యగుట విశేషము. మల్లన పద్యము చదివిన బాలునకు ఆ యంత్రము కొలత ముందే తెలిసినదన్నమాట.

ఇఁక నసలుపని. ఈ సంఖ్యను విఱుచుటకుఁ బెద్దగణితమక్కఱలేదు, చదరంగపు బల్లయే చాలును. బల్లను నడిమికి రెండుగాఁ జేయుఁడు. మొదటి ముప్పదిరెండు గడులలోని గింజల మొత్తము నొక రాశి యనుకొనుఁడు. రెండవ సగములోని ప్రతిగడియు మొదటిసగమున దానికి సరియైన గడికి 4294967296 రెట్లు. కావున రెండవసగము మొత్తమును మొదటిదానికి అన్నియే రెట్లు. రెండును గలిపినచో మొదటిరాశికి 4294967297 రెట్లు. ఇదిగో ఒక భాజకము దొరకినది. ఆ మొదటిసగమును మరల సగము చేయుఁడు, 65537 దొరకును. మిగిలిన పదునాఱుగడుల రెండువరుసలను విడఁదీయుఁడు, 257. ఒక్కవరుసను సగము చేయుఁడు, 17. నాలుగు గడులను సగము చేయుఁడు, 5. రెంటిని విడఁదీయుఁడు, 3. ఇఁక నొక్కగడి, ఒక్కగింజ. కావున మన సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297 అను ఆఱింటి గుణకారఫలము. మొదటివరుస మొత్తము 3×5×17, అనఁగా 255, రెండువరుసలది 65535, నాలుగువరుసలది 4294967295. బల్ల తన భాజకములను దానే చెప్పుచున్నది.

ఈ యాఱును ఒక్కొక్క వర్గమునకు నొకటి కలుపఁగా వచ్చినవని చదువరులు గమనింతురు. ఇట్టి సంఖ్యలన్నియుఁ బ్రధానసంఖ్యలే యని పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు ఫెర్మా యూహించెను. మొదటి యైదింటికి నా మాట నిజమే. ఆఱవదానియెడ నాతఁ డోడిపోయెను. 1732లో ఆయిలరు 4294967297 అనునది 641×6700417 అని చూపెను. దీనిని భాగహారము చేయకయే తెలిసికొనవచ్చును. 641 అనునది 5×128 కంటె నొకటి యెక్కువ. మఱియు 625కు 16 కలిపినదియు నదియే. 641చే భాగించునపుడు 5×128నకు శేషము ఋణము ఒకటి. కావున దాని చతుర్ఘాతమునకు శేషము ఒకటి. ఆ చతుర్ఘాతము 625ను రెంటియొక్క యిరువదియెనిమిదవ ఘాతముచే గుణించినది. 625నకు బదులు ఋణము 16 వ్రాసినచో, రెంటియొక్క ముప్పదిరెండవ ఘాతమునకు ఋణచిహ్నము వేయఁగా నొకటి శేషించునని తేలును. అనఁగా ఆ ఘాతమున కొకటి కలిపినచో శేషముండదు. ఇంత చిన్న యుపపత్తి ఫెర్మావంటివాని చేతఁ జిక్కకపోవుట వింత.

అందువలనఁ జతురంగసంఖ్యకు 3, 5, 17, 257, 641, 65537, 6700417 అని యేడు ప్రధానభాజకములు. ఏదియు రెండుమాఱులు రాదు. కావున మొత్తము భాజకములు 128. మొదటివరుస కడపటి గడిలోని గింజలును 128యే. మల్లనకు 641 తెలియునని యెవ్వరును సాహసించి వ్రాయకుందురుగాక. మన పూర్వులు చేసినది చాల కలదు. చేయనిదానిని వారిమీఁద మోపుట వారికి గౌరవము కాదు.

ఇప్పుడు పద్యపాఠమునకు వత్తము. భూతసంఖ్యలతోఁ గూర్చిన పద్యమునకు మొదటి కావలి ఛందస్సు. గణము తప్పినను, యతి చెడినను, ప్రాస పోయినను లేఖకుని పొరపాటు పట్టువడును. కాని ఛందస్సు మాటయొక్క బరువునే చూచును, విలువను జూడదు. మన పద్యమునఁ దొమ్మిదికి రంధ్రశబ్దము వాడఁబడినది. లేఖకుఁ డొకఁడు దానికి బదులు చంద్ర యని వ్రాసె ననుకొనుఁడు. గురులఘువులు చెడవు, ప్రాస చెడదు, యతిస్థానము వేఱగుటచే నదియుఁ జెడదు. పద్యము నిరాటంకముగా నడచును. సంఖ్యలో మాత్రము తొమ్మిదిచోట నొకటి కూర్చుండును. పైగా అంకెలు కుడినుండి యెడమకు నడచునవి గనుక, వినువాని చెవి కది యెంతమాత్రమును దోఁపదు.

మన పెద్దలకు రెండవ కావలి నవశేషము. అంకెలు కూడి తొమ్మిదులు తీసివేయుట పల్లెకరణములకు సైతము దెలిసినదే. రెట్టింపు చేయుచుఁ బోయినచోఁ దొమ్మిదిచే భాగించిన శేషములు 2, 4, 8, 7, 5, 1 అని యాఱింట తిరుగును. అఱువదినాలుగవది ఆ చక్రమున నాలుగవది, 7. ఒకటి తీసివేయఁగా 6. మన సంఖ్యలోని యంకెల మొత్తము 87, శేషము 6. సరిపోయినది. పైని జెప్పిన చంద్రపాఠమున మొత్తము 79, శేషము 7. దొంగ పట్టువడినాఁడు.

సముద్రముల తగవును నిట్లే తీఱును. పద్యమున అబ్ధి, పయోనిధి యని రెండుచోట్ల సముద్రము కలదు. ఒకచోట నేడని చదివినచో మొత్తము 90, శేషము సున్న. రెండుచోట్లను ఏడన్నచో 93, శేషము 3. కావలసినది 6. కావున గణితమున సముద్రములు నాలుగే యని మొదటి పండితులవారు ఒప్పుకొనవలెను. ఇచ్చట నొక జాగ్రత్త కలదు. మూఁడింట భాగించి చూచి తృప్తిపడరాదు. నాలుగునకు నేడునకు నంతరము మూఁడే గనుక, తప్పుపాఠమును మూఁడింట నిశ్శేషముగానే పోవును.

రంధ్రమున నేమి చేయవలెను? రంధ్రము సున్న యన్నచో మొత్తము 78. శేషము మరల 6. నవశేషమునకుఁ దొమ్మిదియు సున్నయు నొక్కటే. మన నిఘంటువులు సందేహించు నా రెండు విలువలనే యీ పరీక్షయు వేఱుపఱుపఁజాలదు! రెండవ పండితులవారు ఇంతకాలము నిశ్చింతగా నుండుటకు నిదియే కారణమనుకొందును. రెండు ప్రక్కప్రక్క పదములు తాఱుమాఱైనను నవశేషము పట్టఁజాలదు. కూడిక యొకటియే గదా.

ఈ కొఱఁత తీర్చునది మొదటివరుసను సగము చేయఁగా దొరకిన 17. ఒక యంకె తప్పినచో వచ్చు నంతరము, తొమ్మిదికి మించని యొక యంకెను పదియొక్క యేదోయొక ఘాతముచే గుణించినది. పదునేడు పదింటి ఘాతములను భాగింపదు, తొమ్మిదిలోపలి యంకెను భాగింపదు. కావున నొక్కయంకె యెచ్చటఁ దప్పినను పదునేడింట శేషము మిగిలితీఱును. ప్రక్కప్రక్క యంకెలు తాఱుమాఱైనచో వచ్చునంతరము తొమ్మిదిని ఆ రెండంకెల భేదముచేతను, పదింటి ఘాతముచేతను గుణించినది. దానిని గూడఁ బదునేడు భాగింపదు. అదియుఁ బట్టువడును. రెండుమూఁడు తప్పులు గుట్టుగాఁ గూడఁబలుకుకొన్నచోఁ దప్పించుకొనవచ్చును. అప్పుడు 257 ఉండనే యున్నది. 

రంధ్రమును సున్నగా గ్రహించి సంఖ్యను 18446744073700551615 అని వ్రాసి పదునేడింట భాగించితిని. 4 శేషించినది. చంద్రపాఠమున 13 శేషించినది. అబ్ధిని ఏడుగాఁ గొన్నచో 5 శేషించినది. తాళపత్రప్రతులు చూచు మిత్రులు పాఠాంతరము గనఁబడినపుడెల్ల నీ భాగహారము నొకమాఱు చేసి, శేషమును పాఠముప్రక్కనే గుర్తింపవలెనని నా ప్రార్థన. భూతసంఖ్యలతో గూర్చిన శాసనకాలములకు నింతటి సౌకర్యము లేదు. శకసంవత్సరమునకు భాజకములు ముందుగాఁ దెలియవు గదా. అచ్చట తిథివారనక్షత్రములే శరణ్యము. చతురంగపద్యమునకు మాత్రము సాక్షి సంఖ్యలోపలనే కలదు.

ఆ పాఠశాలలో మరునాఁడు నల్లబల్లమీఁద నెనిమిదవ తరగతి బాలుఁ డొకఁడు, రంధ్రమునకుఁ దొమ్మిదియు సముద్రములకు నాలుగేసియుఁ గొని, ఇరువదియంకెలును వ్రాసి, పండితు లిరువురును జూచుచుండఁగాఁ బదునేడింట భాగించెను. మొదటఁ గొంత తడఁబడి తుడిచి మరల వ్రాసెను. భాగలబ్ధము 1085102592571150095, శేషము లేదు.